డాన్యూబ్ సైకిలు మార్గం (పాసౌ - వియన్నా)

డాన్యూబ్ సైకిలు మార్గం మధ్య ఐరోపాలో డాన్యూబ్ నది వెంబడి సాగే సుదీర్ఘమైన సైకిలు బాట. జర్మన్ భాషలో దీనిని డోనౌరాడ్‌వేగ్ అంటారు. "డోనౌ" అనగా డాన్యూబ్, "రాడ్" అనగా సైకిలు, "వేగ్" అనగా బాట. నది జన్మస్థానమైన జర్మనీలోని బ్లాక్ ఫారెస్టు కొండల నుండి నల్లసముద్రం వరకు ఏదో ఒక రూపంలో ఈ మార్గం ఉన్నప్పటికీ, జర్మనీ సరిహద్దు పట్టణమైన పాసౌ నుండి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు గల సుమారు 320 కిలోమీటర్ల భాగమే మిక్కిలి ప్రసిద్ధమైనది. ఈ వ్యాసం ఆ భాగానికి సంబంధించినది. ఫ్రాన్సులోని అట్లాంటిక్ తీరాన్ని నల్లసముద్రంతో కలిపే "యూరోవెలో 6" అనే అంతర్జాతీయ సైకిలు మార్గంలో ఇది ఒక అంతర్భాగం.

భౌగోళిక స్వరూపం

పటం చూచినవారికి ఈ మార్గం కష్టమైనదిగా తోస్తుంది. పాసౌ తరువాత నది చాలా దూరం రెండువైపులా నిటారుగా లేచిన అడవి కొండల మధ్య ఇరుకైన లోయలో ప్రవహిస్తుంది. అయినా సైకిలుపై వెళ్ళేవారికి ఎక్కుడు దాదాపు ఉండదు. పాసౌ నుండి వియన్నా చేరేసరికి నది దిగే ఎత్తు మొత్తం మీద సుమారు 130 మీటర్లు మాత్రమే. అనగా కిలోమీటరుకు అర మీటరు కూడా లేదు. బాట నీటి అంచునే సాగుతుంది గనుక కొండలు కంటికి కనిపిస్తాయే గాని కాళ్ళకు తగలవు.

ఈ లోయలోని రాయి గ్రానైటు, నైస్ జాతులకు చెందిన అతి ప్రాచీనమైన గట్టి శిల. ఉత్తరాన చెక్ దేశం వరకు వ్యాపించిన బొహీమియా పీఠభూమికి ఇది దక్షిణపు అంచు. భూమి మెల్లమెల్లగా పైకి లేస్తూ ఉండగా నది తన పాత వంకర దారిని విడువక అదే చోట కోసుకుంటూ లోతుకు దిగింది. మైదానపు నదులకు ఉండవలసిన మెలికలు కొండల నడుమ కనిపించడానికి కారణం ఇదే.

చరిత్ర

ఈ బాటను సైకిళ్ళ కోసం వేయలేదు. దీని అసలు పేరు ట్రెప్పెల్‌వేగ్, అనగా పడవలను లాగే బాట. ఆవిరి యంత్రం రాకముందు సరుకు పడవలు ప్రవాహంతోపాటు కిందికి తేలికగా పోయేవి. ఏటికెదురు రావడమే కష్టం. అందుకు ఒడ్డున గుర్రాలను కట్టి, లావుపాటి మోకులతో పడవల వరుసను లాగించేవారు. పెద్ద వరుసలకు పదుల కొద్దీ గుర్రాలు అవసరమయ్యేవి. గుర్రాలు నడిచే ఒడ్డు కొండచరియలతో మూసుకుపోయినప్పుడు వాటిని పడవలలో ఎక్కించి అవతలి ఒడ్డుకు చేర్చి, అక్కడినుండి మరల లాగించేవారు. గుర్రం బరువు లాగుతూ ఎత్తు ఎక్కలేదు గనుక బాట నీటి మట్టానికి దగ్గరగా, చదునుగా ఉండవలసి వచ్చింది. నేడు సైకిలువారు అనుభవించే సౌకర్యం ఆ అవసరం నుండి పుట్టినదే.

గోదావరి డెల్టా కాలువల గట్లమీద తాడు భుజాన వేసుకుని పడవను లాగుతూ నడిచిన మనుషుల సంగతి తెలిసిన తెలుగువారికి ఈ పద్ధతిని వేరుగా వివరించనక్కరలేదు. అక్కడ మనుషులు, ఇక్కడ గుర్రాలు, అంతే తేడా.

డాన్యూబ్ ఆవిరి పడవల కంపెనీ 1829లో ఏర్పడింది. 1858లో వియన్నా - లింజ్ రైలుమార్గం ప్రారంభమైంది. ఈ రెండింటి ధాటికి గుర్రాల రవాణా 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో అంతరించింది. బాట మాత్రం నది నిర్వహణ సిబ్బందికి, తరువాతి కాలంలో జలవిద్యుత్ కేంద్రాల ఉద్యోగులకు పనికివచ్చే దారిగా మిగిలింది. ఇతర మోటారు వాహనాలకు ప్రవేశం లేకపోవడంతో ఆ దారి నిశ్శబ్దంగా ఉండిపోయింది. 1980వ దశకంలో దీనికి సూచికలు నాటి, చెడిన భాగాలను తారుతో బాగుచేసి, సైకిలు మార్గంగా తీర్చిదిద్దారు.

మార్గ వర్ణన

ఒడ్డున అక్కడక్కడ సంఖ్యలు వ్రాసిన పలకలు కనిపిస్తాయి. ఇవి నల్లసముద్రం దగ్గర నదీముఖం నుండి లెక్కించిన కిలోమీటర్లు. డాన్యూబ్‌కు దూరం కిందినుండి కొలుస్తారు. పాసౌ వద్ద ఈ సంఖ్య 2,226కు సమీపంగా ఉంటుంది. వియన్నా చేరేసరికి 1,929కి దిగుతుంది. బాట దూరం దీనికంటె కొంత ఎక్కువ.

పాసౌ వద్ద ఇన్, ఇల్జ్ నదులు డాన్యూబ్‌లో కలుస్తాయి. మూడు నదుల నీరు మూడు రంగులలో కొంత దూరం పక్కపక్కనే సాగడం ఎత్తైన చోటినుండి చూడవచ్చు. అక్కడినుండి కొంత దూరంలో ఎంగెల్‌హార్ట్స్‌జెల్ గ్రామంలో 1293లో స్థాపించిన క్రైస్తవ మఠం కలదు. ఆ పిమ్మట వచ్చే ష్లోగెన్ మలుపు ఈ భాగమంతటికీ మకుటం. కొండ అడ్డురాగా నది దాదాపు పూర్తిగా వెనుదిరిగి ప్రవహిస్తుంది. ఈ మలుపు వద్ద ఉత్తరపు ఒడ్డున కొంత మేర దారి అన్నదే లేదు. కొండ నేరుగా నీటిలోకి దిగుతుంది. అందుచేత ఆ ఒడ్డున వచ్చేవారిని పడవలో ఎక్కించి, అదే ఒడ్డున కొంత దూరం దిగువన దింపుతారు. నదిని దాటించక నది వెంబడి తీసుకుపోయే రేవు పడవ ఇది.

లింజ్‌కు ముందు ఓటెన్స్‌హైమ్ వద్ద ఉన్న బల్లకట్టు విద్యార్థులు తెలుసుకోదగినది. దానికి ఇంజను లేదు. నదికి అడ్డంగా ఎత్తున ఉక్కు తాడు కట్టి, దానిపై దొర్లే కప్పీకి బల్లకట్టును తగిలిస్తారు. బల్లకట్టును ప్రవాహానికి కొంచెం ఏటవాలుగా తిప్పగానే నీటి ఒత్తిడి దానిని పక్కకు నెడుతుంది. తిరిగి రావడానికి రెండవ వైపుకు తిప్పితే చాలు. ఇటువంటివి దిగువన స్పిట్జ్, వైసెన్‌కిర్ఖెన్ గ్రామాల వద్ద కూడా ఉన్నవి.

లింజ్ పారిశ్రామిక నగరం. అది దాటిన తరువాత ఉత్తరపు ఒడ్డున మౌట్‌హౌసెన్ వస్తుంది. నది ఒడ్డున రంగు రంగుల ఇళ్ళతో ముచ్చటైన పట్టణం. అయితే ఊరి వెనుక కొండమీద 1938 నుండి 1945 వరకు నాజీల నిర్బంధ శిబిరం ఉండేది. అక్కడి గ్రానైటు గని కోసమే ఆ స్థలాన్ని ఎంచుకున్నారు. ఈ శిబిరంలోను, దాని ఉపశిబిరాలలోను సుమారు 1,90,000 మందిని నిర్బంధించగా వారిలో కనీసం 90,000 మంది మరణించారు. ఖైదీలు రాళ్ళు మోసుకుంటూ ఎక్కిన 186 మెట్లు, శిబిరపు గోడలు స్మారకంగా నిలిచి ఉన్నాయి. 1945 మే 5న అమెరికా సేనలు శిబిరాన్ని విముక్తం చేశాయి. ఈ ప్రయాణంలో నిజమైన ఎక్కుడు అరుదు, స్మారకానికి పోయే దారి అటువంటిది. అందువలన చాలామంది కిందినుండే సాగిపోతారు. అరపూట ఆగి పైకి వెళ్ళి రావడం ఉచితం.

గ్రైన్ పట్టణం దగ్గర లోయ మళ్ళీ ఇరుకవుతుంది. ఇక్కడి సుడిగుండాలు ఒకప్పుడు సరంగులకు ప్రాణసంకటంగా ఉండేవి. 18వ శతాబ్దం చివరినుండి శతాబ్దానికి పైగా నదిలోని బండలను మందు పెట్టి పేల్చారు. 1959లో దిగువన ఇబ్స్ - పెర్సెన్‌బాయ్గ్ ఆనకట్ట పూర్తయి నీటిమట్టం పెరగడంతో మిగిలిన సుడులు కూడా మునిగిపోయాయి. ఇప్పుడక్కడ నీరు చెరువులా ఉంటుంది.

వాఖౌ లోయ

మెల్క్ నుండి క్రెమ్స్ వరకు గల సుమారు 36 కిలోమీటర్ల లోయను వాఖౌ అంటారు. ఎగువన మెల్క్ వద్ద బండపై 18వ శతాబ్దపు పూర్వార్ధంలో పునర్నిర్మించిన పసుపు రంగు బెనెడిక్టైన్ మఠం ఉన్నది. లోయ పొడవునా సున్నం లేకుండా పేర్చిన రాతిగోడల అంచెలపై ద్రాక్షతోటలు, కింద ఆప్రికాట్ తోటలు కనిపిస్తాయి. మన హైదరాబాదులో ఖుబానీగా ఎండబెట్టి అమ్మేది ఆ పండే. స్థానికులు దానిని మరిల్లె అంటారు. విల్లెన్‌డోర్ఫ్ గ్రామంలో 1908లో రైలుమార్గం పనుల సందర్భంగా సుమారు 11 సెంటీమీటర్ల ఎత్తున్న ప్రాచీన స్త్రీమూర్తి బయల్పడింది. దాని వయస్సు దాదాపు 30,000 సంవత్సరాలు. అసలు విగ్రహం వియన్నాలోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఉంది. డ్యూర్న్‌స్టైన్ కొండమీది శిథిల దుర్గంలో మూడవ క్రూసేడు నుండి తిరిగివస్తున్న ఇంగ్లండు రాజు మొదటి రిచర్డును 1192-93 శీతకాలంలో బంధించారు.

క్రెమ్స్ తరువాత కొండలు వెనుకకు తగ్గి మైదానం వస్తుంది. అక్కడినుండి వియన్నా వరకు దారి తిన్నగా, కొంత విసుగు పుట్టించేదిగా ఉంటుంది. మధ్యలో చూడవలసినది జ్వెంటెన్‌డోర్ఫ్ అణువిద్యుత్ కేంద్రం. పూర్తిగా కట్టిన ఈ కేంద్రాన్ని 1978 నవంబరు 5న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో స్వల్ప ఆధిక్యంతో ప్రజలు తిరస్కరించడం వలన ఒక్కరోజు కూడా నడపలేదు.

ఆనకట్టలు - బాట

పాసౌ, వియన్నా నగరాల మధ్య నదిపై తొమ్మిది జలవిద్యుత్ ఆనకట్టలు ఉన్నవి. వియన్నా పరిధిలోని ఫ్రాయ్‌డెనౌ కేంద్రాన్ని కూడా లెక్కిస్తే పది. పడవలు లాకుల గుండా దిగుతాయి. సైకిలువారు అనేక ఆనకట్టల మీదుగా ఒక ఒడ్డునుండి రెండవ ఒడ్డుకు మారవచ్చు. బాట ఇంత సాఫీగా ఉండడానికి, చాలాచోట్ల గట్టుమీద వెడల్పుగా సాగడానికి ఈ నిర్మాణాలే కారణమని ఒప్పుకోవాలి. అయితే యాత్రికులు అందరికంటె ఎక్కువగా మెచ్చుకునే వాఖౌలో ఆనకట్ట లేదు. అక్కడ కూడా కట్టాలనే ప్రతిపాదన వచ్చింది. 1970లలోను, 80లలోను స్థానికులు దానిని గట్టిగా వ్యతిరేకించారు. ప్రతిపాదన ఆగిపోయింది. 2000లో వాఖౌ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. వియన్నాకు దిగువన హైన్‌బుర్గ్ వద్ద 1984 డిసెంబరులో వేలాది మంది చలిలో అడవిలో బైఠాయించి మరొక ఆనకట్టను ఆపారు. ఆ ప్రాంతం 1996లో జాతీయ వనమైంది. ఆస్ట్రియాలో డాన్యూబ్ స్వేచ్ఛగా పారే చెప్పుకోదగిన భాగాలు ఈ రెండే.

ప్రయాణం

సాధారణంగా ఈ దూరాన్ని ఆరు నుండి ఎనిమిది రోజులలో పూర్తిచేస్తారు. ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు అనుకూలమైన కాలం. గాలి ఎక్కువగా పడమటి నుండి వీస్తుంది గనుక పాసౌ నుండి వియన్నా వైపు పోవడమే వాడుక. రెండు ఒడ్డులలోను బాట ఉన్నందున అటు ఇటు మారుతూ పోవచ్చు. వాఖౌలో ఉత్తరపు ఒడ్డున ప్రసిద్ధ గ్రామాలతోపాటు రద్దీ కూడా ఎక్కువ. నిశ్శబ్దం కోరేవారికి దక్షిణపు ఒడ్డు మేలు. రేవు పడవలు చలికాలంలో చాలావరకు నడవవు. అలసినవారు సైకిలుతో సహా రైలు ఎక్కవచ్చు.

బాట నీటి అంచున ఉన్నందున వరద వస్తే మొదట మునిగేది అదే. 2002 ఆగస్టు, 2013 జూన్, 2024 సెప్టెంబరు నెలలలో పెద్ద వరదలు వచ్చాయి. 2013లో పాసౌ వద్ద నీరు 12.89 మీటర్లకు లేచింది. 1501 తరువాత అంత వరద అక్కడ రాలేదు. గ్రైన్‌లో అవసరమైనప్పుడు మాత్రమే నిలబెట్టే పలకల గోడ ఆ సంవత్సరం పట్టణాన్ని కాపాడింది. నీరు తీసిన తరువాత బాటపై పేరుకున్న ఒండ్రును ఎత్తివేసేవరకు కొన్ని భాగాలు మూసి ఉంటాయి. కనుక బయలుదేరేముందు నీటిమట్టం, రేవు పడవల వేళలు విచారించుకోవాలి.