చూచే కన్ను, చూడబడే విశ్వం

మానవుడు విశ్వాన్ని నేరుగా తెలుసుకొనలేడు. కన్ను, చెవి మొదలైన జ్ఞానేంద్రియాలు తెచ్చియిచ్చిన వార్తలను కూర్చుకొని దానిని అర్థం చేసుకొంటాడు. మరి ఆ వార్తాహరులు ఎంతవరకు నమ్మదగినవారు? ఈ ప్రశ్న వేదాంతులదేనని చాలకాలం అందరూ అనుకొన్నారు. కాని ఖగోళశాస్త్ర చరిత్రలో ఇది గడియారంతోను, గణితంతోను తేల్చవలసిన ప్రశ్నగా మారినది. ఆ చరిత్రలో విశాఖపట్నానికీ, గుంటూరు, మచిలీపట్నాలకూ చోటు కలదు.

మద్దిలపాలెం నుండి కొద్ది కిలోమీటర్ల దూరాన ఉన్న డాబాగార్డెన్సులో 1840లో గోడే వెంకట జగ్గారావు తన నివాసమందే ఒక వేధశాలను నెలకొల్పినారు. మద్రాసు వేధశాలలో టి. జి. టేలరు వద్ద ఖగోళశాస్త్రాన్ని అభ్యసించి వచ్చినవారాయన. 1856లో జగ్గారావు మరణించిన పిదప ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు వేధశాల బాధ్యతను వహించినారు. గ్రహణాలను, తోకచుక్కలను పరిశీలించి, లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యులైనారు. 1874 డిసెంబరు 9న ప్రపంచమందలి అనేక వేధశాలలతోపాటు విశాఖపట్నపు దూరదర్శిని కూడ సూర్యుని వైపు తిరిగినది. ఆనాడు శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా సాగిపోయినది. దీనినే శుక్ర అంతర్యానం అంటారు.

ఈ దృశ్యం కొరకు దేశాలన్నీ ఎదురుచూడడానికి కారణమేమి? భూమి నుండి సూర్యుని దూరం సరిగా తెలిస్తే తక్కిన గ్రహాల దూరాలన్నీ తెలుస్తాయి. భూమిపై వేర్వేరు చోట్లనుండి చూచేవారికి శుక్రుడు సూర్యబింబంపై కొంచెం వేర్వేరు దారులలో నడచినట్లు కనిపిస్తాడు. కాబట్టి దాటడానికి పట్టే కాలం కూడ చోటును బట్టి మారుతుంది. ఆ తేడా నుండి సూర్యుని దూరాన్ని లెక్కకట్టవచ్చునని ఎడ్మండ్ హేలీ 1716లో వివరించినాడు. పరిశీలకుడు చేయవలసినది చూడడానికి చాల సులభం. శుక్రుని నల్లని చుక్క సూర్యబింబపు అంచును లోపలివైపున తాకిన క్షణాన్ని గడియారంలో గుర్తించాలి. అంతే.

కాని చిక్కంతా ఆ క్షణంలోనే ఉన్నది. శుక్రుడు పూర్తిగా లోపలికి వచ్చిన తరువాత కూడ అంచుకూ చుక్కకూ నడుమ ఒక నల్లని బొట్టు సాగి, చుక్క అంచుకు అతుక్కొన్నట్లు కనిపిస్తుంది. తరువాత ఆ బొట్టు తెగిపోతుంది. అయితే తాకినది ఎప్పుడు? బొట్టు ఏర్పడినప్పుడా, తెగినప్పుడా? 1769లో తాహితి ద్వీపాన కెప్టెన్ కుక్ బృందంవారు ఒకే చోటునుండి చూచి కూడ వేర్వేరు సెకండ్లను వ్రాసుకొన్నారు. 1874లో సైతం ఈ చిక్కు తొలగలేదు. ఫలితాలు ఆశించినంతగా ఏకీభవించలేదు. కోట్ల కిలోమీటర్ల దూరాన్ని నిర్ణయించే లెక్క, ఒక మనిషి కంటికి “ఇప్పుడు” అని తోచిన క్షణంపై ఆధారపడవలసివచ్చినది.

ఈ నల్లబొట్టువంటి దానిని విద్యార్థులు తరగతిలోనే చూడవచ్చు. బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని కంటికి దగ్గరగా పట్టుకొని, వెలుతురుగా ఉన్న గోడను నేపథ్యంగా చేసుకొని, రెండు వ్రేళ్లను మెల్లగా దగ్గరకు తేవాలి. అవి తాకకముందే వాటి నడుమ నల్లని వంతెన ఒకటి ఏర్పడుతుంది. అంచులు మసకబారడమే దీనికి కారణం. (ఈ ప్రయోగానికి సూర్యుని వైపు ఎన్నడూ చూడరాదు.) మొదట కొందరు శుక్రుని వాయుమండలమే నల్లబొట్టుకు కారణమని తలచినారు. కాని వాయుమండలం దాదాపు లేని బుధుడు 1999లో సూర్యుని దాటినప్పుడు, భూమి గాలిపొరకు పైన ఉన్న ఒక ఉపగ్రహం తీసిన చిత్రాలలో కూడ ఆ జాడ కనిపించినది. దూరదర్శినిలో బింబం మసకబారడం, సూర్యబింబపు అంచు మధ్యభాగంకంటె తక్కువ కాంతితో ఉండడం—ఈ రెండూ కలిసి ఆ బొట్టును కల్పిస్తాయని తేలినది. భూమిమీద చూచేవారికి గాలి కదలిక దానిని మరింత పెంచుతుంది.

పరికరం చేసే పొరపాటు ఇది. పరిశీలకుడు చేసే పొరపాటు మరొకటి ఉన్నది. అది మొదట బయటపడిన విధం కొంత విచారకరమైనది. పూర్వం నక్షత్రం దూరదర్శినిలోని తీగను దాటే క్షణాన్ని, చెవితో గడియారపు టిక్కులు వింటూ, కంటితో చూస్తూ నిర్ణయించేవారు. గ్రీనిచ్ వేధశాలలో సహాయకుడైన కిన్నెబ్రూక్ వేసిన లెక్కలు, అధిపతి మాస్కెలీన్ లెక్కలకంటె సుమారు 0.8 సెకండు వెనుకబడినవి. అశ్రద్ధయని తలచి 1796లో అతనిని పనినుండి తొలగించినారు. సుమారు పాతికేండ్ల తరువాత జర్మను శాస్త్రజ్ఞుడు బెస్సెల్ ఈ ఉదంతాన్ని చదివి, తన కాలాలను ఇతర నిపుణుల కాలాలతో పోల్చి చూచినాడు. ప్రసిద్ధులైన పరిశీలకుల మధ్య కూడ ఒక సెకండుకు మించిన తేడా కనిపించినది. కన్ను చూచినదానిని, చెవి విన్నదానిని మనస్సు జతపరచడానికి ఒక్కొక్కరికి ఒక్కొక్కవిధంగా కాలం పడుతుంది. కిన్నెబ్రూక్ సోమరి కాడు. అతడు మనిషి, అంతే. అప్పటినుండి ఖగోళజ్ఞులు ప్రతి పరిశీలకుని స్వంత తేడాను కొలిచి, లెక్కలో సవరించుకొనడం నేర్చుకొన్నారు.

కాంతి విషయంలోను ఇట్టిదే జరిగినది. కంటికి తోచిన ప్రకాశాన్నిబట్టి ప్రాచీనులు నక్షత్రాలను ఆరు తరగతులుగా విభజించినారు. తరగతికీ తరగతికీ మెట్లు సమానమని కన్ను అనుకొంటుంది. వాస్తవానికి ఒక తరగతి నక్షత్రం తరువాతి తరగతిదానికంటె సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ కాంతి నిస్తుంది. కన్ను తేడాను కాక నిష్పత్తిని గమనిస్తుందన్నమాట. ఈ నిష్పత్తిని 2.512గా 1856లో సూచించినవాడు నార్మన్ పాగ్సన్. ఆయనే తరువాత మద్రాసు వేధశాలకు అధిపతియై, 1868 ఆగస్టు 18న మచిలీపట్నంనుండి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించినాడు.

అదే గ్రహణాన్ని గుంటూరునుండి చూచినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్. సూర్యుని అంచున లేచే ఎర్రని జ్వాలల కాంతిని ఆయన వర్ణపటదర్శినితో విడదీసి, ప్రకాశవంతమైన గీతలను కనుగొన్నాడు. ఆ గీతలు ఎంత స్పష్టంగా ఉన్నవంటే, మరునాడు గ్రహణం లేకున్నా ఆయన వాటిని చూడగలిగినాడు. ఆ జ్వాలలు ముందురోజువరకు గ్రహణవేళ తప్ప మానవునికి కనిపించేవి కావు. అవి లేకపోలేదు; పట్టపగటి వెలుగులో వాటిని వేరుచేయగల శక్తి కంటికి లేదు. ఆ గీతలలోని పసుపుపచ్చనిదానిని చూచినవారు మొదట సోడియానిదని భావించినారు. ఎరిగిన దానినే చూచినట్లు అనుకొనడం మనస్సు స్వభావం. స్థానాన్ని జాగ్రత్తగా కొలువగా అది సోడియం గీత కాదని తేలినది. ఆ కొత్త మూలకానికి హీలియం అని పేరిడినారు. భూమిపై 1895లో రామ్సే దానిని గుర్తించినాడు.

మనిషి కన్ను సుమారు 400 నుండి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంగల కాంతిని మాత్రమే చూడగలదు. రేడియో తరంగాలు, ఎక్స్ కిరణాలు మొదలైనవాటికి అది గుడ్డిది. నేడు మద్దిలపాలెం కూడలిలో నిలబడి తలయెత్తిన విద్యార్థికి వీధిదీపాల వెలుగులో కొద్ది నక్షత్రాలే కనిపిస్తాయి. ఆకాశంలో అన్నే ఉన్నవని అతడు అనుకొంటే తప్పెవరిది? సూర్యుని దూరం కూడ చివరకు కంటితో తేలలేదు. 1961లో శుక్రుని వైపు రాడార్ తరంగాలను పంపి, అవి తిరిగివచ్చిన కాలాన్నిబట్టి దానిని నిర్ణయించినారు. ఇప్పుడు ఆ ప్రమాణాన్ని 14,95,97,870.7 కిలోమీటర్లుగా స్వీకరించినారు.

అయితే నరసింగరావు వంటివారి శ్రమ వృథాయైనదా? కాలేదు. తాము చూచినదానిని, చూచిన క్షణాన్ని దాచకుండ వ్రాసిపెట్టినందువల్లనే తరువాతివారికి తేడాలు కనిపించినవి. తేడాలు కనిపించినందువల్లనే కారణాలు వెదకినారు. తరగతిలో పదిమంది విద్యార్థులు ఒకే లోలకపు ఇరవై డోలనాల కాలాన్ని కొలిస్తే పది అంకెలు వస్తాయి. పుస్తకంలోని జవాబుకు సరిపోవలెనని వాటిని దిద్దుకొనరాదు. పదింటినీ నల్లబల్లపై వ్రాసి, తేడా ఎక్కడినుండి వచ్చినదో విచారించాలి. విశ్వాన్ని కొలిచేవాడు ముందుగా తన్ను తాను కొలుచుకొనడం అక్కడే మొదలవుతుంది.