శిక్ష అంటే దెబ్బేనా? పిల్లల పెంపకంపై బైబిల్ చెప్పేది

క్రైస్తవ ఇళ్లలో పిల్లల్ని దండించే మాట వస్తే ముందు గుర్తొచ్చేది సామెతల గ్రంథంలోని బెత్తమే. 13:24, 22:15, 23:13-14, 29:15 వచనాల్లో దాని ప్రస్తావన ఉంది. బెత్తం పక్కన పెడితే బిడ్డ చెడిపోతాడనే ఇంగ్లీషు నానుడి మాత్రం ఆ రూపంలో బైబిల్లో లేదు. అది 17వ శతాబ్దపు ఆంగ్ల కవి శామ్యూల్ బట్లర్ రాసిన 'హుడిబ్రాస్' అనే వ్యంగ్య కావ్యం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అక్కడ సందర్భం ప్రేమ వ్యవహారం, పిల్లల పెంపకం కాదు.

బెత్తం అని తెలుగులోకి వచ్చిన హీబ్రూ మాట 'షేబెత్'. గొర్రెల కాపరి కర్రకూ, రాజదండానికీ, చివరికి గోత్రానికీ అదే మాట. 23వ కీర్తనలో కాపరి చేతిలోని ఆ కర్రే ధైర్యాన్నిస్తుంది. అందుకే సామెతల్లోనిది దారి చూపే కర్ర మాత్రమేనని కొందరు బోధకులు అంటారు. ఆ వాదన పూర్తిగా నిలబడదు. 23:13లో ఉన్నది కొట్టడం గురించే. అయితే మాట వినని కొడుకును ఊరి పెద్దల ముందుకు తెచ్చి రాళ్లతో కొట్టి చంపాలని ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో ఉంది. దాన్ని ఈరోజు ఏ సంఘమూ అమలు చేయమనదు. బెత్తం వచనాలనూ అలాగే ఆనాటి కాలం తెలిసి, కొత్త నిబంధనతో కలిపి చదవాలి.

రోమా చట్టం తండ్రికి దాదాపు హద్దులేని అధికారం ఇచ్చిన రోజుల్లో పౌలు తండ్రులకే హెచ్చరిక రాశాడు: పిల్లలకు కోపం పుట్టించవద్దు (ఎఫెసీయులకు 6:4), వాళ్ల మనసు కుంగనివ్వవద్దు (కొలొస్సయులకు 3:21). పిల్లలు లోబడాలన్న ఎఫెసీయులకు 6:1 మన ఇళ్లలో అందరికీ కంఠస్థం. నాలుగో వచనం మాత్రం ఎందుకో అంతగా వినిపించదు!

ఆ వచనంలోనే తెలుగు బైబిల్ 'శిక్ష' అనే మాట వాడింది. గ్రీకు మూలంలో అది 'పైదేయా', అంటే బిడ్డను తీర్చిదిద్దే శిక్షణ. పెద్ద బాలశిక్షలోని శిక్షకూ అర్థం అదే. కన్నడ, మరాఠీ, ఒడియా బడుల్లో చదివే మన పిల్లలకు శిక్షకుడంటే పాఠం చెప్పేవాడు. తమిళ బైబిల్‌లో ఇదే చోట ఉన్న 'సిట్చై' కూడా ఈ మాటకు తమిళ రూపమే. వాడుక తెలుగులో శిక్ష అంటే దండనే అయిపోయింది కాబట్టి ఈ వచనం మన చెవికి అసలుకన్నా కఠినంగా వినిపిస్తుంది.

అలాగని అడ్డు చెప్పకుండా వదిలేయడాన్నీ బైబిల్ మెచ్చుకోదు. కొడుకుల దుర్మార్గం తెలిసీ అడ్డుకోలేదని ఏలీ మీద తీర్పు వచ్చింది (1 సమూయేలు 3:13). దావీదు తన కొడుకు అదోనీయాను ఇలా ఎందుకు చేశావని ఒక్కసారీ అడగలేదని 1 రాజులు 1:6 చెబుతుంది. అక్కడ తప్పుగా చూపింది కొట్టకపోవడాన్ని కాదు, అడగకపోవడాన్ని.

చట్టం సంగతి క్లుప్తంగా. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. బాలల న్యాయ చట్టం (2015) 75వ సెక్షన్ కింద, బిడ్డ బాధ్యత చూసేవారు అనవసరమైన బాధ కలిగేలా కొడితే మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. వాక్యం పేరు చెప్పినంత మాత్రాన మినహాయింపు దొరకదు. సాయం కావాలంటే చైల్డ్‌లైన్ నంబరు 1098.

మన ఇళ్లకు ఇంకో చిక్కు ఉంది. చెన్నైలోనో షోలాపూర్‌లోనో బరంపురంలోనో పుట్టిన బిడ్డకు తెలుగు అక్షరం కనబడేది చాలాసార్లు కుటుంబ ప్రార్థనలోనే. పాత తెలుగు బైబిల్ భాష పెద్దలకే కష్టం. చదవడంలో తడబడ్డందుకు తిట్టినా, తప్పు చేస్తే పది వచనాలు రాయమని ఇంపోజిషన్ ఇచ్చినా, బిడ్డకు భాషా విశ్వాసమూ ఒకేసారి చేదవుతాయి. ద్వితీయోపదేశకాండం 6:7 చెప్పే పద్ధతి వేరు: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడుతూ ఉండటం. రాత్రి ఒక కథ మీరు చదివి, అర్థాన్ని ఇంటి తెలుగులో చెప్పండి. బిడ్డ తిరిగి తమిళంలో చెప్పినా, ఒడియాలో చెప్పినా విన్నట్టే లెక్క.