స్పెషల్ టికెట్టు లైను

వసంత పంచమి నాడు బాసరకు వచ్చినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. గోదావరిలో స్నానం చేసొచ్చి, చంకలో పిల్లాడిని, చేతిలో పలకను పట్టుకుని గంటల తరబడి నిలబడాలి. పక్కనే స్పెషల్ టికెట్టు లైను. డబ్బు ఎక్కువ, నిలబడేది తక్కువ. మా మనవడి అక్షరాభ్యాసానికి మేమూ స్పెషల్ టికెట్టే తీసుకున్నాం. అమెరికా నుంచి పిల్లాడిని తీసుకుని వచ్చిన మా పెద్దమ్మాయి ఆ టికెట్టు చూసి నవ్వింది.

"అమ్మా, ఇది మా ప్రీమియం ప్రాసెసింగ్ లెక్కనే ఉన్నది. కాకపోతే ఇక్కడ మొగుడు టికెట్ కొంటే పెళ్ళాం గూడ లోపలికి పోతది."

నవ్వుతూనే అన్నది గానీ, ఆ మాట వెనక ఎనిమిది నెలల కథ ఉంది. అది చెప్పే ముందు అసలు ఈ ప్రీమియం సంగతి ఎక్కడ మొదలైందో చెప్తాను. అల్లుడు ఫోన్లో చెప్పింది, నేను చదువుకున్నది కలిపి రాస్తున్నాను.

డబ్బు ఎక్కువ కడితే పని తొందరగా కావడం మనకు కొత్త కాదు. 1997 నుంచి రైలుకు తత్కాల్ ఉంది, పాస్‌పోర్టుకూ తత్కాల్ ఉంది. మన కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ ఊళ్ళ నుంచి దుబాయి, మస్కట్ పోయినవాళ్ళైతే ఏజెంటుకు అప్పు తెచ్చి మరీ కట్టారు. దానికి రసీదు ఉండేది కాదు. అమెరికా వాళ్ళది మాత్రం చట్టంలో రాసి, రసీదిచ్చి తీసుకునే డబ్బు.

2000 సంవత్సరం గుర్తుందా? వై2కే పేరు చెప్పి అమీర్‌పేట కోర్సులు నేర్చుకుని ఊరికొకరు విమానం ఎక్కిన రోజులు. ఆ ఏడాది అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ హెచ్1బి వీసాల పరిమితిని 2001 నుంచి మూడేళ్ళపాటు ఏడాదికి 1,95,000కి పెంచింది. దరఖాస్తులు కుప్పలు పడ్డాయి. డిసెంబరులో ఒక బడ్జెట్ చట్టంలో చిన్న వాక్యం చేర్చారు: కంపెనీలు వెయ్యి డాలర్లు అదనంగా కడితే వాళ్ళ కాగితాలు ముందు చూడవచ్చని. 2001 జూన్ 1న అప్పటి ఐఎన్‌ఎస్ దీన్ని మొదలుపెట్టింది, జూలై 30 నుంచి హెచ్1బికీ ఇచ్చారు. వెయ్యి డాలర్లంటే అప్పట్లో దాదాపు నలభై ఏడు వేల రూపాయలు. మా ఊళ్ళో అప్పుడది ఒక టీచరు నాలుగైదు నెలల జీతం.

15 పనిదినాల్లో జవాబు చెప్తారు, చెప్పకపోతే ఆ డబ్బు తిరిగిస్తారు. అయితే కొనుక్కునేది జవాబునే, ఒప్పుదలను కాదు. కాదన్నా, ఇంకో కాగితం తెమ్మన్నా అది కూడా జవాబే. ఈ ముక్క తెలియక "డబ్బు కట్టినా రాలేదట" అని పెళ్ళిళ్ళలో చెప్పుకునేవాళ్ళను నేనే ఎంతమందిని చూశానో.

2006లో గ్రీన్‌కార్డు మెట్టయిన ఐ-140కీ ఈ లైను తెరిచారు. ఇది మొగవాళ్ళ కాగితంలా కనిపిస్తుంది గానీ, ఆడవాళ్ళకూ ముఖ్యమైనదే. 2015 మే 26 నుంచి, భర్త ఐ-140 ఆమోదమైతే హెచ్4 మీద ఉన్న భార్య ఉద్యోగం చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుముందు ఎంబీఏలు, ఎమ్మెస్సీలు చదివిన మన ఆడపిల్లలు డాలర్ల దేశంలో సొంత డాలరు లేకుండా ఏళ్ళకేళ్ళు వంటింట్లోనే ఉండిపోయారు. నేను గృహిణిని, వంటింటిని తక్కువ చేయను. కానీ నాది నేను ఎంచుకున్నది.

ఐ-140 తొందరగా వచ్చినా గ్రీన్‌కార్డు తొందరగా రాదు. ఏడాదికి ఉద్యోగాల కింద ఇచ్చేవి 1,40,000, మామూలుగా ఏ దేశానికైనా వాటిలో 7 శాతం మించవు. 2025 చివర్లో కూడా ఇండియా వాళ్ళకు ఈబీ2 క్యూ 2013 దగ్గరే ఉంది. అంటే తలుపు దాకా పరిగెత్తించి, తలుపు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టడం. 2007 జూలైలో ఒకసారి అందరికీ తలుపు తెరుస్తామని ప్రకటించి, జూలై 2న మూసేశారు. మనవాళ్ళు మున్నాభాయి సినిమా చూసిన వేడిలో ఉన్నారు కదా, ఇమ్మిగ్రేషన్ శాఖ డైరెక్టరుకు వందల పూలగుత్తులు పంపించారు. ఆయన వాటిని సైనికుల ఆసుపత్రికి పంపించాడు. జూలై 17న నిర్ణయం మార్చుకున్నారు. మన చరిత్రలో నాకు బాగా నచ్చిన ధర్నా ఇదే.

ధర పెరుగుతూ వచ్చింది. 2010లో 1,225, 2018లో 1,410, 2020 అక్టోబరులో ఒక్కసారిగా 2,500, 2024 ఫిబ్రవరిలో 2,805. అంటే రెండు లక్షల ముప్పై వేల పైమాట. 2017లో ఏప్రిల్ 3 నుంచి హెచ్1బికి స్పెషల్ లైనే మూసేశారు, మామూలు లైను మరీ పేరుకుపోయిందని. అక్టోబరు 3కి గానీ పూర్తిగా తెరవలేదు. ఆ ఆర్నెల్లూ అల్లుడు ఉద్యోగం మారదామనుకుని, కాగితం ఎప్పటికొస్తుందో తెలియక భయపడి ఆగిపోయాడు.

ఇక అమ్మాయి సంగతి. చాలా ఏళ్ళు, భర్త హెచ్1బికి ప్రీమియం కట్టి భార్య హెచ్4 కాగితాలు అదే కవరులో పెడితే రెండూ ఒకేసారి చూసి పంపేసేవాళ్ళు. చట్టంలో లేదు, మర్యాదగా చేసేవాళ్ళంతే. 2019 మార్చి నుంచి హెచ్4 వాళ్ళందరూ వేలిముద్రలు ఇవ్వాలన్నారు. ముద్రలకు పిలుపు రావాలి, పోవాలి, తరువాత గానీ ఫైలు కదలదు. ఆపైన కరోనా వచ్చి ఆ సెంటర్లూ కొన్నాళ్ళు మూతపడ్డాయి. జంట విడిపోయింది.

2021 ఫిబ్రవరిలో అమ్మాయి వర్క్ కార్డు గడువు ముగిసింది. అల్లుడిది పన్నెండు రోజుల్లో వచ్చింది. ఈమెది రాలేదు. కార్డు లేకుండా ఒక్కరోజు పని చేసినా తప్పే కాబట్టి ల్యాబులో ఉద్యోగం వదులుకున్నది.

"నీదానికి గూడ పైసలు కట్టరాదా బిడ్డా? కావాలంటే మేం పంపిస్తం" అన్నాను.

"కడతామన్నా తీసుకోరమ్మా. నా ఫారానికి ఆ లైనే లేదు."

వాళ్ళ నాన్న మందులకని ప్రతినెలా తన జీతంలోంచి పదివేలు పంపేది. ఆ నెలల్లోనూ ఆపలేదు. కాకపోతే పంపే ముందు ప్రతిసారీ భర్తను అడిగేదట. అడగాల్సిన పనిలేదని అతను చెప్పాడట. అయినా అడిగేది. కార్డు అక్టోబరులో వచ్చింది. అప్పటికి ఆ ఉద్యోగంలో ఇంకొకరు చేరిపోయారు.

మా అమ్మాయి ఒక్కతే కాదు. అదే ఏడాది ఇలాంటి కుటుంబాలు కోర్టుకు వెళ్ళాయి. మే నెలలో వేలిముద్రలు ఆపారు. నవంబరులో ఒక కేసు రాజీతో, కొత్త కార్డు వచ్చేదాకా పాతదాన్ని కొంతకాలం పొడిగించుకునే వీలు హెచ్4 భార్యలకూ దొరికింది. 2023 జనవరిలో ఇంకో రాజీ: రెండేళ్ళపాటు భార్యాభర్తల కాగితాలు మళ్ళీ కలిపి చూస్తామన్నారు. ఆ మాట 2025 జనవరి 18తో ముగిసింది. అదే ఏడాది అక్టోబరు 30 నుంచి వేసే దరఖాస్తులకు కార్డు పొడిగింపు కూడా తీసేశారు.

నాకు మింగుడుపడనిది ఇంకోటి. 2020 అక్టోబరులో ఫీజు 2,500 చేసిన ఆ చట్టమే, హెచ్4 లాంటివాళ్ళ పొడిగింపుకు 1,750 డాలర్లు, వర్క్ కార్డుకు 1,500 డాలర్లు తీసుకుని 30 రోజుల్లో చూడవచ్చని రాసింది. 2023లో విద్యార్థులకు అమలు చేశారు కూడా. మా ట్రిపుల్ ఐటీలో చదివి అక్కడ ఎం.ఎస్. చేస్తున్న పిల్లలకు ఇప్పుడు ఆ లైను ఉంది. భార్యలకు తెరవలేదు. డబ్బున్నవాళ్ళకే ముందు చూస్తారా అని నేను కోప్పడాలో, మా డబ్బు ఎందుకు తీసుకోరు అని కోప్పడాలో నాకే తెలియలేదు. రెండు కోపాలూ ఉన్నాయి.

అమ్మాయికిప్పుడు వేరే ఉద్యోగం ఉంది. ఈసారి గడువుకు ఆరు నెలల ముందే, దరఖాస్తు తీసుకునే మొదటిరోజే వేస్తానంటోంది. అక్షరాభ్యాసం అయ్యాక ఇంటికొచ్చి, మా గోడమీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. మనవడు అది చూసి, బలపంతో పక్కన తనూ ఒకటి చుట్టాడు.