గుంటలు ముందు, కళాశాల తర్వాత

నెల్లూరును రొయ్యల రాజధాని అనడం అందరికీ అలవాటైపోయింది. ఆ మాట వెంటే ముత్తుకూరు మత్స్య కళాశాల పేరూ వస్తుంది. 1991లో ప్రభుత్వం కళాశాల పెట్టింది, అక్కడ నేర్పిన శాస్త్రం కండలేరు పాయ ఒడ్డుకు దిగింది, ఉప్పునేలలు డాలర్లు పండించాయి. తరచూ చెప్పుకునే కథ ఇది. వినసొంపుగానే ఉంటుంది కానీ తేదీలు దగ్గర పెట్టుకుని చూస్తే నిలవదు.

తొలి ఘట్టాలు చాలామందికి తెలిసినవే. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1907లో, ఫ్రెడరిక్ నికల్సన్ చేతుల మీదుగా మత్స్య బ్యూరో మొదలైంది. మత్స్యశాస్త్రంలో డిగ్రీ చదువు మన దేశంలో 1969లో మంగళూరులో ఆరంభమైంది. 1977లో తూత్తుకుడికీ, 1979లో కేరళలోని పనంగాడుకూ వెళ్ళింది. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరమున్న ఆంధ్రకు ఆ చదువు చేరడానికి మంగళూరు తర్వాత మరో 22 ఏళ్ళు పట్టింది. చివరికి వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ముత్తుకూరులో కళాశాల తెరిచారు. ఆ ఆలస్యం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అసలు కథ దానిలోనే ఉంది.

కళాశాల తెరిచేనాటికే గుంటలు తవ్వేశారు. ఎనభైల చివర్లో టైగర్ రొయ్య ధర చూసి కండలేరు పాయ వెంబడి, బకింగ్‌హాం కాలువ దాపున పొలాలూ ఉప్పు బీళ్ళూ చెరువులయ్యాయి. పెద్ద కంపెనీలు వచ్చాయి. వాటి వెనక మేత అమ్మేవాళ్ళు, హేచరీలవాళ్ళు, తైవాన్, థాయ్‌లాండ్ పద్ధతులు తెలిసిన టెక్నీషియన్లు దిగారు. రైతు సాగు నేర్చుకున్నది వీళ్ళ దగ్గరే. మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేతనూ రొయ్య పేగు నిండిందా లేదా అన్నదీ చూడటం పాఠ్యపుస్తకం కంటే ముందే గట్టు మీదకు వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. 1991లో చేరిన విద్యార్థి నాలుగేళ్ళ బి.ఎఫ్.ఎస్సీ ముగించుకుని బయటికొచ్చేసరికి 1995. తూర్పు తీరంలో తెల్లమచ్చ వ్యాధి పాకింది 1994 చివర్లో. అంటే ముత్తుకూరు తొలి పట్టభద్రులు చేతికి రాకముందే తొలి ఉప్పెన వచ్చి పోయింది. తొలి రొయ్యల జోరుకు కళాశాలను కారణంగా చెప్పేవాళ్ళు ఈ లెక్క చూడలేదు. జోరు కూలిపోయిందని అదే కళాశాలను నిందించేవాళ్ళూ చూడలేదు.

తెల్లమచ్చ తీరు చూస్తే ఆ రోజుల నిస్సహాయత అర్థమవుతుంది. నిన్నటిదాకా మేత బాగా తిన్న రొయ్య ఉన్నట్టుండి మేత మానేస్తుంది, గట్టు పక్కకు చేరి నీరసంగా తిరుగుతుంది. తల మీది డిప్ప ఒలిచి వెలుతురులో పెడితే లోపల సున్నపు చుక్కల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. మూడు నుంచి పది రోజుల్లో గుంట ఖాళీ. ఒక రైతు జబ్బు నీళ్ళు పాయలోకి వదిలితే, దిగువ రైతు అదే పాయలోంచి మోటారుతో తోడి తన గుంటలో పోసుకునేవాడు. పీతలు కూడా వైరస్‌ను గట్టు దాటించేవి. ఇప్పుడు గుంట చుట్టూ కనిపించే పీతల కంచె, పైన పక్షుల వల, సీడు కొనే ముందు పీసీఆర్ టెస్టు, ఇవన్నీ ఆ నష్టం నేర్పినవే. అసలు ఆ వైరస్‌ను తైవాన్, జపాన్, చైనాల్లోనే 1992, 93 ప్రాంతంలో తొలిసారి గుర్తించారు. మూడేళ్ళ వయసున్న కళాశాల దాన్ని ముందే పసిగట్టి ఉండాల్సిందని అనడం న్యాయం కాదు.

మరో వాదన కూడా ఉంది. తొలి జోరును సుప్రీంకోర్టు చంపేసిందని. ఎస్. జగన్నాథ్ కేసులో 1996 డిసెంబరు 11న వచ్చిన తీర్పు నిజంగానే గట్టిది. సంప్రదాయేతర రొయ్యల సాగును తీర నియంత్రణ మండలిలోంచి తొలగించమంది. చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపలా వద్దంది. ఆ సందర్భంలో అప్పటి నెల్లూరు జిల్లాలోని నేలపట్టు పక్షుల కేంద్రం పేరు కూడా ఎత్తింది. జిల్లాలోని కుర్రు గ్రామంలో రొయ్యల చెరువుల వల్ల మత్స్యకారులకు తాగునీరు లేకుండా పోయిన సంగతీ ఆ కేసు రికార్డులోకి ఎక్కింది. అయితే తీర్పు వచ్చేసరికే రెండేళ్ళుగా తెల్లమచ్చ గుంటల్ని ఎండగడుతోంది. కోర్టు తలుపు మూసేనాటికి ఇంట్లో మిగిలినవాళ్ళు కొద్దిమందే. తీర్పు భయంతో బ్యాంకులూ కంపెనీలూ వెనకడుగు వేసిన మాట కాదనలేం, కానీ మొదటి దెబ్బ వైరస్‌దే.

తర్వాతి దశను త్వరగా చెప్పుకోవచ్చు. 2005లో రెండు మార్పులు జరిగాయి. కేంద్రం తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి సాగుకు చట్టబద్ధత ఇచ్చింది. ముత్తుకూరు కళాశాల తిరుపతిలో కొత్తగా ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వెళ్ళింది. కోళ్ళూ గేదెలూ చూసుకునే గొడుగు కింద చేపలకు ఏపాటి చోటు దక్కుతుందన్న అనుమానం అప్పుడే పుట్టాల్సింది. ఎం.ఎఫ్.ఎస్సీ, పీహెచ్‌డీ దాకా చదువు ఎదిగిన మాట నిజమే.

వెనామీ అనే కొత్త రకం రొయ్య విషయంలో పాత వరసే పునరావృతమైంది. 2003లో ప్రయోగాత్మక సాగుకు అనుమతి దక్కింది ప్రైవేటు సంస్థలకు. 2009లో పెద్ద ఎత్తున తలుపులు తెరిచారు. చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వేయొద్దని నిబంధన పెట్టారు. కొత్త రొయ్య గుంటలో ముందు దిగింది, పాఠం తర్వాత వచ్చింది.

అలాగని కళాశాల చేసింది ఏమీ లేదనుకోకూడదు. అది చేసిన పని గుంటల్లో కనబడదు, ఉద్యోగాల పట్టికలో కనబడుతుంది. మత్స్యశాఖ అధికారులు, హేచరీ మేనేజర్లు, మేత కంపెనీల ఫీల్డు సిబ్బంది, పల్లెల్లో నీటి పరీక్షల ల్యాబులు నడిపే కన్సల్టెంట్లు, వీళ్ళలో ముత్తుకూరువాళ్ళు ఎక్కడైనా ఎదురవుతారు. 2017లో తెలంగాణలో పెబ్బేరు కళాశాల వచ్చేదాకా తెలుగు నేల మొత్తానికీ ఈ డిగ్రీ ఇచ్చింది ఇదొక్కటే. ఆక్వాకల్చర్, మత్స్య వనరులు, నీటి పర్యావరణం, ప్రాసెసింగ్, విస్తరణ అన్నీ చదివి, చివరి ఏడాది గ్రామంలోనూ పరిశ్రమలోనూ పనిచేసి వచ్చే చదువది.

చిక్కు ఇక్కడే ఉంది. ప్రభుత్వ డబ్బుతో చదివిన నిపుణుడు రైతు గట్టు మీదకు చాలాసార్లు మందు అమ్మే కంపెనీ మనిషిగా వస్తాడు. నీళ్ళు చూసి జబ్బు చెప్పేవాడూ, ప్రోబయాటిక్ డబ్బా అమ్మేవాడూ ఒకరే అయినప్పుడు ఆ సలహా విలువ ఎంత? తప్పు ఆ కుర్రాడిది కాదు. సొంత సరుకేమీ లేకుండా నిష్పక్షపాతంగా చెప్పగలిగిన ప్రభుత్వ గొంతు కళాశాలదే కావాలి. కండలేరు నీటి లవణీయత, వైబ్రియో బాక్టీరియా సంఖ్య, ఏ మాసంలో ఏ జబ్బు అన్న లెక్క ఏటేటా రాసి రైతు చేతికి తెలుగులో అందించడం దాని పని. థీసిస్‌ల రూపంలో ఆ సమాచారం బీరువాలో ఉంటే గట్టు మీది మనిషికి ఒరిగేదేమీ లేదు.

సముద్రం వైపు చూస్తే లోటు ఇంకా పెద్దది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ వేట నిషేధం, తమిళనాడు మరబోట్లతో తగాదాలు, తగ్గిపోతున్న చేప, ఇవీ ఈ తీరపు పట్టపు మత్స్యకారుల పాళేల బాధలు. కళాశాల పాఠాల్లో సముద్ర వేటకు చోటుంది. దాని పేరు ప్రతిష్ఠల్లో మాత్రం చోటంతా రొయ్యదే.

2020లో చట్టం చేసి నర్సాపురం కేంద్రంగా మత్స్య విశ్వవిద్యాలయం పెట్టారు. ముత్తుకూరు ఇప్పుడు దాని గొడుగు కిందిది. మత్స్యరంగానికి సొంత విశ్వవిద్యాలయం ఉండటం మంచిదే. కానీ గోదావరి ముఖాన కూర్చున్న పాలకులకు నెల్లూరు తీరం అవసరాలు ఎంత దగ్గరగా వినిపిస్తాయో చూడాలి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎగబాకినప్పుడు, రొయ్యను ఇంట్లోనే తినిపించే దేశీయ మార్కెట్ గురించి అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. ప్రాసెసింగ్ విభాగం ముత్తుకూరులో ఎన్నో ఏళ్ళుగా ఉంది. నెల్లూరు చేపల పులుసు గిన్నె పక్కన ఆ విభాగం తయారుచేసిన రొయ్య పదార్థం ఒక్కటైనా జిల్లా కిరాణా కొట్లలో ఎందుకు దొరకదో విశ్వవిద్యాలయం ఇప్పటికైనా ఆలోచించాలి.