మూడు పలకల మీద ఒక పేరు

ఫిలోమినా అన్న పేరు తెలుగునాట క్యాథలిక్ కుటుంబాలకు బాగా తెలిసినదే. ఈ పేరు లోకమంతా పాకడానికి మూలం రోమ్ నగరంలో, నేల అడుగున దొరికింది.

1802 మే నెలలో సలారియా రహదారి పక్కనున్న ప్రిస్సిల్లా భూగర్భ సమాధుల్లో తవ్వేవాళ్లకు ఒక సమాధి గూడు కనబడింది. మూడు మట్టి పలకలతో దాని నోరు మూసి ఉంది. వాటి మీద ఎర్ర రంగుతో రాసిన లాటిన్ అక్షరాలు, లంగరు, బాణాలు, ఖర్జూర మట్ట బొమ్మలు. లోపల పదమూడు, పద్నాలుగేళ్ల పిల్ల ఎముకలు, పగిలిన చిన్న గాజుపాత్ర. అవి చూసి ఆమెను వేదసాక్షిగా భావించారు.

అక్షరాలను వరుసగా చదివితే 'లుమెనా, పాక్స్ తే, కుమ్ ఫి' అని వచ్చింది. తలాతోకా లేదు. మొదటి పలకను తీసి చివర పెట్టి చదివారు: 'పాక్స్ తేకుమ్ ఫిలుమెనా'. ఫిలుమెనా, నీకు శాంతి కలుగుగాక! తొందరలో ఎవరో పలకలు తారుమారుగా పెట్టారని సర్దుకున్నారు.

మరి ఆ పేరుకు అర్థం? లాటిన్‌లో వెతికిన భక్తులు 'ఫిలియా లూమినిస్', అంటే వెలుగు బిడ్డ అన్నారు. వినడానికి ఎంతో బాగుంది కానీ నిలవదు. పేరు గ్రీకుది. 'ఫిలూమెనే' అంటే ప్రేమ పొందినది, మన 'ప్రియ' లాంటి పేరన్నమాట.

1805లో ఫ్రాంచెస్కో దె లూచియా అనే గురువు ఆ అస్థికలను నేపుల్స్ దగ్గరి ముగ్నానోకు తీసుకెళ్లాడు. 1835లో అక్కడికి ప్రాణాపాయ స్థితిలో వచ్చిన ఫ్రెంచ్ భక్తురాలు పోలీన్ జారికో కోలుకుంది. ఆ కబురు ఫ్రాన్స్ అంతటా పాకింది. అక్కడి ఆర్స్ ఊరి గురువు జాన్ వియన్నీ ఫిలోమినాకు పరమ భక్తుడయ్యాడు. 1837లో పోప్ పదహారవ గ్రెగరీ ఆమె ఆరాధనకు అనుమతి ఇచ్చాడు.

ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో పురాతత్వవేత్త ఒరాజియో మారుక్కి ఆ పలకల తారుమారునే మళ్లీ పట్టుకున్నాడు. అది పొరపాటు కాదన్నాడు. పలకలు రెండో శతాబ్దివి, ఎముకలు నాలుగో శతాబ్దివని ఆయన వాదన. పాత సమాధి పలకలను మరొకరికి వాడుతున్నప్పుడు, ఆ పేరు లోపలివారిది కాదని తెలిసేలా కావాలనే వరుస చెదరగొట్టారట.

1961లో రోమ్ ఫిలోమినా పండుగను పట్టికల నుంచి తొలగించమంది. ముగ్నానోలో మాత్రం భక్తి ఆగలేదు. వరుస సరిచేసి పేరు చదివినవాళ్లది చురుకైన బుద్ధే. అయినా, అంతా పొరపాటని వదిలేసిన దాన్ని సాక్ష్యంగా నిలబెట్టిన మారుక్కిదే నా దృష్టిలో పెద్ద విజయం.