బొమ్మలమ్మ గుట్ట మీది కందం



సుమతీ శతకం పద్యం ఒకటైనా నోటికి రానివాళ్ళు మనలో తక్కువ. వంటింట్లో కూర తరుగుతూ పిల్లలచేత వల్లె వేయించిన పద్యాలవి. అవన్నీ కందాలే. తెలుగులో ఇంతవరకు దొరికిన తొలి కందాలు ఎక్కడున్నాయో తెలుసునా? మన కరీంనగర్ జిల్లాలో, బండమీద!

గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్టపై జైన విగ్రహాలున్నాయి. వాటి కింద సుమారు 945లో జినవల్లభుడు శాసనం వేయించాడు. కన్నడ ఆదికవి పంపనికి ఈయన తమ్ముడు. అన్నగారు వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి ఆస్థానకవి. శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తల్లి అబ్బణబ్బె పేరు కూడా చెక్కించాడు, అది నాకు మహా నచ్చింది. తెలుగులో ఉన్నవి మూడు కందాలు.

కందం చిన్నదే గాని పెంకిది. "కందం చెప్పినవాడే కవి" అని ఊరికే అనలేదు. ప్రతి గణానికీ నాలుగే మాత్రలు: 'అక్కా', 'వంటలు', 'చెలియా', 'కుమారి', 'పలికిన' - ఈ అయిదు తూకాలే చెల్లుతాయి. ఒకటి, మూడు పాదాల్లో మూడేసి గణాలు. రెండు, నాలుగింట అయిదేసి. 'కుమారి' తూకం బేసి చోట్ల రాకూడదు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి, అది ప్రాస. పెద్ద పాదాల్లో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి.

జినవల్లభుడి మొదటి పద్యం చూడండి. గుళ్ళు కట్టించడంలో, పూజల్లో, మునులకు అన్నం పెట్టడంలో తనకు సాటి ఎవరని అడుగుతాడు. గొప్పలే లెండి! కాని పనితనం చూడండి. యతిస్థానంలో రెండుసార్లూ 'జి', ప్రాస 'న'. రెండూ కలిపితే 'జిన'. తన దేవుడి పేరు, తన పేరు మొదలు, రెండూ పద్యానికి గుంజలయ్యాయి. రెండో పాదం చివరి మాట తెగి మూడో పాదంలోకి పోతుంది. అక్కడి ద్విత్వాక్షరం వెనకటి లఘువును గురువు చేసింది. ఆ పాదం గురువుతో ముగియాలన్న నియమమూ దక్కింది.

ఇంత చెయ్యి తిరగడం ఒక్కరోజులో వచ్చేది కాదు. నన్నయగారు భారతం మొదలుపెట్టింది దీనికి సుమారు నూరేళ్ళ తర్వాత. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఈ గుట్ట అంతకు దాదాపు వెయ్యేళ్ళ ముందే జవాబు రాసి పెట్టుకుంది.

ఈసారి రాజన్న దర్శనానికి వేములవాడ పోయినప్పుడు, పిల్లలను కురిక్యాలకు కూడా తీసుకుపోండి. ఆ బండ ముందు నిలబెట్టి, వాళ్ళకు వచ్చిన సుమతి పద్యం ఒకటి చెప్పించండి.