వెచ్చని నేలల పూర్వకథ

శీతలదేశములలో ఇంటికొక క్రొత్తగదిని చేర్చుకొను గృహస్థుడు, గచ్చు క్రింద వేడినీటి గొట్టములు పరపింపవలెనా, విద్యుత్తీగెలు చాలునా, వానిని అదుపులో నుంచు సాధనమెట్టిది కావలెను అని నేడు విచారించుచున్నాడు. ఈ విచారము నవీనమని తోచినను దీని వెనుక రెండువేల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రను పరిశీలించినచో, నేలను వేడి చేయుట మానవునకు పూర్వమే సాధ్యమైనను, ఆ వేడిమిని మితమున నిలుపుట మాత్రము బహుకాలము దుస్సాధ్యముగనే యుండెనని విశదమగును.

రోమకులు తమ స్నానశాలలయందు నేలను పొట్టి యిటుకస్తంభములపై నిలిపి, దాని అడుగున నేర్పడిన శూన్యస్థలమున పొయ్యినుండి వెడలు వేడిపొగను నడపిరి. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున ఆల్చిప్పల పెంపకమునకు పేరొందిన సెర్గియస్ ఓరాటా ఇట్టి స్నానశాలలను మొదట కల్పించెనని రోమక గ్రంథకర్త ప్లినీ వ్రాసెను. ఆ శతాబ్దమందే వాస్తుశాస్త్రకారుడు విట్రూవియస్, స్తంభములు రెండడుగుల యెత్తుండవలెననియు, వెండ్రుకలు కలిపి మెదిపిన బంకమట్టితో వానిని కట్టవలెననియు, అడుగునేల పొయ్యివైపునకు వాలి, లోనికి విసరిన బంతి నిలువక పొయ్యివాకిటికే దొర్లి వచ్చునట్లుండవలెననియు విధించెను. బ్రిటన్ వంటి చలిసీమలలో ధనికుల నివాసగృహములకును ఈ పద్ధతి వ్యాపించెను గాని, కట్టెలును, పొయ్యిని కనిపెట్టియుండు దాసులును మిక్కిలిగ కావలసివచ్చుటచే, తరచుగ ఇంటిలో కొన్నిగదులకు మాత్రమే ఆ భాగ్యము కలిగెను. వేడిమి హెచ్చుతగ్గులు దాసుని అంచనాను బట్టియే యుండెను.

కొరియా ప్రజలు ఇదే కార్యమును వేరొక యుక్తితో సాధించిరి. వారి 'ఒండోల్' పద్ధతియందు వంటపొయ్యి గదినేలకంటె పల్లమున నుండును. అన్నము వండిన మంట పొగ, పలకరాళ్ళ క్రింది కాలువలగుండ ప్రాకి, పొగగొట్టమున వెలువడును. రాళ్ళపై మట్టి మెత్తి, నూనె పట్టించిన కాగితము పరతురు. ప్రాచీన కొరియా రాజ్యమైన కోగుర్యోలోని పేదలు చలికాలమున పొడవైన కాలువలు త్రవ్వి, క్రింద నిప్పు రగిల్చి వెచ్చదనము పొందుచుండిరని చీనాదేశపు టాంగ్ వంశచరిత్ర చెప్పుచున్నది. ఒకే మంట వంటకును, వెచ్చదనమునకును పనికివచ్చిన ఈ మితవ్యయము శ్లాఘనీయము. కాని ఇక్కడను పొయ్యికి దాపునున్న నేల కాలుచుండ, దూరపుమూల చల్లగనే యుండెను. కావుననే వెచ్చని చోటు వృద్ధులకును, అతిథులకును గౌరవస్థానమయ్యెను. ఇరువదవ శతాబ్దమున కట్టెకు బదులు బొగ్గుబిళ్ళలు వచ్చినపుడు, నేల బీటలనుండి వెలువడిన విషవాయువు నిద్రించువారిలో అనేకులను బలిగొనెను. తరువాత ఆ కాలువల స్థానమును వేడినీటి గొట్టములు ఆక్రమించెను.

అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోకియోలో ఒక ప్రభువు ఇంట కొరియా పద్ధతి గదిలో కూర్చుండి, వేడి యెక్కడనుండి వచ్చుచున్నదో కానరాని ఆ సుఖమునకు ముగ్ధుడై, 1937లో మాడిసన్ నగరమున పూర్తియైన జేకబ్స్ గృహమున నేల క్రింద గొట్టములు పరపించెను. 1947 నుండి న్యూయార్క్ చెంత లెవిట్‌టౌన్‌లో వేలకొలది సామాన్యగృహములు కాంక్రీటులో పొదిగిన రాగిగొట్టములతో వెలసెను; కాలక్రమమున రాగి చివికి నీరు కారగా, గచ్చు పగులగొట్టనిదే మరమ్మతు సాధ్యము కాకపోయెను. తుప్పెరుగని ప్లాస్టిక్ గొట్టములు వచ్చిన పిమ్మట ఈ పద్ధతి మరల వ్యాప్తి చెందినది.

ఇక అదుపు సంగతి. విస్కాన్సిన్‌లో ఉపాధ్యాయులను తీర్చిదిద్దు పాఠశాలయందు ఆచార్యుడైన వారెన్ జాన్సన్ 1883లో విద్యుత్ థర్మోస్టాటుకు పేటెంటు పొందెను; గది వేడిమి మారగనే గంట మ్రోగించి, పొయ్యి చూచువానిని హెచ్చరించుట దాని పని. దాసుని అంచనాకు బదులు కొలత వచ్చినది. అయినను మందమైన కాంక్రీటునేల వేడెక్కుటకు గంటలు పట్టును, చల్లారుటకును గంటలు పట్టును; కిటికీనుండి యెండ చొచ్చినపుడు థర్మోస్టాటు నీటిని నిలిపినను, నేల తనలోని వేడిమిని విడుచుచునే యుండును. కనుక మితమైన వేడిమియే మేలు: పాదములకు బాధ కలుగకుండ ఐరోపా ప్రమాణము నివాసస్థలమున నేలపై 29 డిగ్రీలను మేరగ విధించినది, అందులకు సాధారణముగ 35 మొదలు 45 డిగ్రీల నీరు చాలును.

కావున బ్రిటన్‌లోనో కెనడాలోనో ఇంటికి గదిని చేర్చుకొను మన తెలుగువారు ముందుగ వేడిమి భూమిలోనికి దిగిపోకుండ గచ్చు అడుగున మందమైన నిరోధకపు పొర వేయింపవలెను. అప్పుడప్పుడు వాడు చిన్న స్నానపుగదికి విద్యుత్తీగెలు చాలును. నిత్యము వసించు పెద్దగదికి వేడినీటి గొట్టములే మేలు. క్రొత్తగదికి ప్రత్యేకమైన థర్మోస్టాటును, కొయ్యనేలయైనచో దాని యడుగున వేడిమిని కొలుచు సాధనమును తప్పక యమర్పింపవలెను. గొట్టములకు వెచ్చించు ధనముకంటె అదుపునకు వెచ్చించు ఆలోచనయే ఎక్కువ ఫలము నిచ్చును.